ఫాలోవర్ ఎగిరిన వేగం

తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఆరేడేళ్ల ముందు గోదావరిఖనిలో ఒక డిప్లొమా కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. మా నాన్న కరెంటు ప్లాంటులో ఇంజనీరు. కోస్తా నుంచి వచ్చి జ్యోతినగర్ క్వార్టర్స్‌లో ఉండిపోయాం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. సాయంత్రం బ్యాచ్‌లో కూర్చునేవాళ్లంతా మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చే బొగ్గుబావి కార్మికులు. అందరూ నాకన్నా పెద్దవాళ్లే. వాళ్ల ముందు తప్పు మాట్లాడతానేమోనని ప్రతి పాఠం ఇంట్లో అమ్మను కూర్చోబెట్టి ఒకసారి చెప్పి వెళ్లేదాన్ని.

ఆ ఏడాది ల్యాబులో క్యామ్ ప్రయోగం నా వంతుకు వచ్చింది. క్యామ్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఇనుప బిళ్ల. అది తిరుగుతుంటే దాని మీద ఆనుకున్న కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది. ఆ కడ్డీనే ఫాలోవర్ అంటారు. అది క్యామ్‌ను వదలకుండా పైన ఒక స్ప్రింగు అదిమిపెడుతుంది. మోటారు వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో స్ప్రింగు బలం చాలదు. ఫాలోవర్ క్యామ్‌ను వదిలి లేచి, మళ్లీ వచ్చి టకటకా కొట్టుకుంటుంది. ఎంత వేగంలో ఎగురుతుందో ముందు లెక్క కట్టి, తర్వాత మిషను మీద చూపించాలి.

బోర్డు మీద లెక్క కట్టి మిషను ఆన్ చేశాను. నేను చెప్పిన వేగం ఇంకా చాలా దూరం ఉండగానే టకటకా మొదలైంది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. "స్ప్రింగు పాతబడింది" అన్నాను. కొత్త స్ప్రింగు తెప్పించి బిగించాం. మళ్లీ అదే వేగంలో అదే చప్పుడు. పరీక్షలకు పదిహేను రోజులే ఉన్నాయి. బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. లెక్క మళ్లీ కట్టి చూశాను, అదే వచ్చింది.

ఆ రోజు క్లాసయ్యాక ఒకాయన వెళ్లకుండా ఆగారు. బావి వర్క్‌షాపులో ఫిట్టరు, నలభై ఏళ్లుంటాయి. కంప్రెసర్ల పక్కన పనిచేసి చేసి చెవులు సరిగా వినపడవు. అందుకే ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చుని నా పెదాల వైపే చూస్తుండేవారు.

"మేడం, ఒక మాట చెప్పాలె. తప్పనుకోవద్దు."

"చెప్పండి."

"మీ లెక్క తప్పు కాదు. మీరందరు గా చప్పుడు ఇంటున్రు. నాకు చప్పుడు సరిగ్గ ఇనపడది, గందుకే చెయ్యి పెట్టి చూసిన. ఫాలోవర్ ఎగురకముందే మిషను స్టాండు ఊగుతాంది. మీరు జర చెయ్యి పెట్టుండ్రి."

ఆయన మిషను నడిపారు. నేను స్టాండు మీద అరచెయ్యి ఆనించాను. వేగం పెరిగేకొద్దీ సన్నగా ఉన్న వణుకు ఒకచోట ఒక్కసారిగా పెద్దదై మోచేతి దాకా పాకింది. వెంటనే టకటకా. ఆయన వంగి స్టాండు కాలు ఒకదాన్ని నేలకు బిగించిన బోల్టు కదిపి చూపించారు. చుట్టూ ఉన్న సిమెంటు పొడిపొడిగా రాలింది. ప్రతి వస్తువుకూ సొంత ఊపు ఒకటుంటుంది. క్యామ్ దెబ్బలు స్టాండు ఊపుతో జత కలిసేసరికి మిషను మొత్తం అదిరి, ఫాలోవర్ ముందే లేచిపోతోంది. నా లెక్కలో మాత్రం స్టాండు బండరాయిలా కదలదు.

"ఇది క్లాసులోనే చెప్పొచ్చుగా?" అన్నాను.

"అందరి ముంగట మీకు ఎట్లనో ఉంటది గద మేడం."

నేనూ వంగి ఆ బోల్టు కదిపి చూశాను.

మర్నాడు ఆయనే సిమెంటు కలిపి బోల్టు నిలబెట్టారు. నాలుగు రోజులు ఆరనిచ్చి నడిపితే, నేను కట్టిన లెక్కకు కాస్త అటూఇటుగా ఫాలోవర్ ఎగిరింది. అది ఎవరు కనిపెట్టారో క్లాసులో చెప్పాను. ఆయన తల వంచుకుని "గదేం పెద్ద పని" అన్నారు.

ఆయన కష్టం వేరే ఉంది. లెక్కల్లో రెండుసార్లు తప్పారు. "గీ త్వరణం అంటే ఏందో సమజైత లేదు మేడం" అన్నారు. అప్పటి నుంచి రోజూ క్లాసయ్యాక అరగంట ఆయనకు చెప్పాను. ఒకరోజు, ఫాలోవర్ కింద నుంచి క్యామ్ తొందరగా జారిపోతే ఏమవుతుందో గీసి చూపిస్తుంటే ఆయన పెన్సిలు కింద పెట్టారు.

"మందమర్రిల ఉన్నప్పుడు కేజీల, గదే ఇనుప బోనుల, బాయిలకు దిగెటోళ్లం, మీ లిఫ్టు లెక్కనే. జల్ది దిగితే కడుపుల గుబుల్మని కాళ్లు తేలినట్టయితది. గదేనా?"

"అదే! సరిగ్గా అదే!" అన్నాను. నేను ఏ గనిలోకీ దిగినదాన్ని కాదు. అయినా ఆయన అనగానే నా కడుపులోనూ గుబుల్మంది.

పరీక్షలో ఫాలోవర్ ఎందుకు ఎగురుతుందని ఎగ్జామినర్ అడిగితే ఆయన కేజీ సంగతే చెప్పారట. ఎగ్జామినర్ మళ్లీ చెప్పించుకుని విన్నాడట.

ఫలితాలు వచ్చిన రోజు ఆయన డ్యూటీలో ఉన్నారు. ఆయన భార్య వచ్చింది, నంబరు రాసిన చీటీ పట్టుకుని. లెక్కల్లోనూ పాసయ్యారని చెప్తే కాలేజీ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"అంత మీ పుణ్యమే మేడం."

"మీ ఆయనే నాకు నేర్పారమ్మా" అన్నాను.

ఆమె నమ్మలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది. "మీకా? గాయన మీకేం నేర్పిండు?"

నేనూ ఆమె పక్కన మెట్ల మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పాను.