సిరిసిల్ల ఆటోలో ఇంగ్లండు రాజసభ

వెయ్యేళ్ల కిందట ఇంగ్లండును ఏలిన ఆంగ్లో-శాక్సన్ రాజులకు, వారికి సలహాలు చెప్పిన ప్రభువులకు, బిషప్పులకు ముందుగా సాష్టాంగ క్షమాపణ. తమరి ఘనమైన సభ గురించి కోరుట్లవాడొకడు సిరిసిల్లలో పాఠం చెప్పాల్సి రావడం చరిత్ర చేసిన తప్పు. నాది కాదు.

డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్ పోస్టు ఒక్కటే ఉంది. పదకొండున్నరకు డెమో క్లాసు. అంశం 'విటాన్', అంటే ఆ రాజుల సలహా సభ. ఇది తప్పితే మస్కట్‌లో ఉన్న బావ పంపే వీసాయే నాకు గతి. ఏడింటికి కోరుట్ల బస్టాండుకు చేరి, వేములవాడ బస్సుకు ఆగాల్సిన వాణ్ణి కంగారులో ముందొచ్చిన జగిత్యాల బస్సెక్కాను. ముప్పావుగంట నిలబడే ప్రయాణం. జగిత్యాలలో మరో బస్సు, వేములవాడలో ఇంకొకటి. ఛార్జీలు రెండు వందల లోపే గానీ, కారిన చెమటకు లెక్క లేదు. దారంతా ఒకటే గుబులు. రాజు సభ మాట వినక్కర్లేకపోతే, అంతమందిని పిలిచి తానిచ్చే భూదాన దస్తావేజు కింద వాళ్ల పేర్లు, సంతకాలుగా శిలువ గుర్తులు ఎందుకు పెట్టించాడు? నోట్సులో జవాబు లేదు.

పదకొండుంపావుకు సిరిసిల్లలో దిగి ఆటో ఎక్కాను. డ్రైవరు యాభై దాటిన మనిషి, ఒకప్పుడు మరమగ్గాలు నడిపాడట. నా గొణుగుడు విని అద్దంలో చూశాడు.

"ఏంది తమ్మీ, మంత్రాలు సదువుతున్నవ్?"

సంగతి చెప్పాను.

"గింతేనా! మా కులసంఘంల గట్లనే. తీర్మానం రాసినంక కూసున్నోళ్లందరు సంతకం వెట్టాలె. అద్దన్నోనితోని ముందుగాల వెట్టిస్తం."

"వద్దన్నోడెందుకు కాకా?"

"లేకుంటే రేపు 'నేనాడ లేనే లేను' అంటడు. సలహాదేమున్నది తమ్మీ, బజార్ల దొరుకుతది. రేపటికి మనుషులు గావాలె."

బోర్డు ముందు నిలబడి ఆ మాటే చెప్పాను: రాజుకు కావలసింది సలహా ఒక్కటే కాదు, రేపు కాదనలేని సాక్షులు. ముగ్గురు పరీక్షకుల్లో ఒకాయన కళ్లజోడు తీసి, "బాగుంది. ఎవరన్నారిది?" అని అడిగారు.

వారానికి ఉద్యోగంలో చేరమని పిలుపొచ్చింది. ఆ రాజుల దస్తావేజుల్లో సాక్షుల పేర్లు ఇప్పటికీ చదువుకోవచ్చు. అది తలచుకుంటే సిరిసిల్లలో ఆటో ఎక్కాలంటే జంకుతాను. మీరు వెళ్తే వేములవాడ బస్సుకే ఆగండి, ఆటోలో డ్రైవరు పేరడగండి. నేను అడగలేదు. ఆ రోజు నేను సొంతంగా చేసింది ఒక్కటే. పరీక్షకుడికి, "నా సొంత పరిశీలన సార్" అని జవాబు చెప్పాను.