నడిమి గొంతు

మా మేనమామ పోయిన సంగతి నాకు మొదట చెప్పింది మా ఇంటివాళ్ళు ఎవరూ కాదు. మద్రాసు తొండియార్‌పేటలో ఆయన ఇంటి మేడమీద అద్దెకుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, తాతగారు పోయారండీ. పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారండీ, అలాగే..." అని ఏడ్చేసింది. సొంత మామ పోయాడని వింటే ఎవరికైనా ముందు దుఃఖం రావాలి. నాకు ముందు వచ్చిన ఆలోచన, ఈ పిల్లకు నాకంటే ముందు ఎట్లా తెలిసింది అని. ఏడుపు తర్వాత ఆటోలో కూర్చున్నాక వచ్చింది. ఈ సంగతి మీకు చెప్పకుండా మింగేయవచ్చు. కానీ మామను గురించి రాస్తూ నా కుళ్ళును దాచిపెడితే సగం మామే మీకు కనబడతాడు.

మామకు జార్జి టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉండేది. వారమంతా కంది, పెసర, మినుము. ఆదివారం మాత్రం రికార్డులు. సినిమా పాటలు కావు, మన కచేరీ కీర్తనలూ కావు. ఎప్పుడో రెండు వందల ఏళ్ళ కిందట యూరప్‌లోని చర్చిల్లో, పూజ జరిగేటప్పుడు పాడటానికి కట్టిన బృందగానాలు. ఆడా మగా గుంపుగా నిలబడి లాటిన్ భాషలో పాడుతుంటే వెనక ఫిడేళ్ళు, బాకాలు, పెద్ద డోళ్ళు మోగుతుంటాయి. నుదుట నిలువుబొట్టుతో, పంచె పైకి కట్టి, గోనెసంచుల మధ్య బేరమాడే మనిషికి ఈ పిచ్చి ఏమిటని కొట్టు పక్కవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

పెళ్ళికి ముందు ఆయన ఒక రికార్డ్ ప్లేయరు కొందామని పెరంబూరు పోయాడట. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం సామాన్లు అమ్ముకుంటోంది. ప్లేయరుతో పాటు ఒక పెట్టె రికార్డులు ఊరికే ఇచ్చారు. సినిమా పాటలుంటాయని ఆశపడి ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఇవి. "ఒక ముక్క అర్థం కాలా. తీసేద్దామనుకున్నా. అయిపొయ్యేదాకా చెయ్యి రాలేదు పాపా" అని నాకు చాలాసార్లు చెప్పాడు. నాకు యాభై దాటినా ఆయనకు నేను పాపనే.

మా అమ్మమ్మ, అంటే ఆయన తల్లి, శుక్రవారాలూ ఉపవాసాలూ తప్పని మనిషి. కొడుకు చర్చి పాట వింటున్నాడని ఎవరో చెబితే వచ్చి గడపలో నిలబడి కాసేపు విన్నదట. "ఎవురి సామైతే ఏంరా, సామిపాటే గదా. కాళ్ళు చాపుకోని వినమాక, ముడుచుకోని కూచో" అని లోపలికి పోయిందట. ఆ రోజునుంచి ఆ ఇంట్లో రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ కాళ్ళు చాపకూడదు. మోకాళ్ళ నొప్పులతో మామ నేల వదిలి కుర్చీ ఎక్కిన తర్వాత కూడా కాళ్ళు వెనక్కి మడిచిపెట్టుకునే వినేవాడు.

పప్పుల బజారులో ఒక పద్ధతి ఉంది. మిల్లులనుంచి శాంపిల్ పొట్లాలు వస్తాయి. మామ వాటిమీది పేర్లు చింపేయించి, పళ్ళాల్లో పోయించి, అప్పుడు గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ళు విప్పుకుంటూ మెల్లగా పళ్ళెంలోకి జారవిడిచి చూసేవాడు. పేరు చూసినాక చెయ్యి అబద్ధం చెప్తాది అనేవాడు. రికార్డుల దగ్గరా ఇదే పద్ధతి. ఒకే గానాన్ని వేరువేరు బృందాలు పాడిన రికార్డులు సంపాదించి, అట్టలమీద తుండుగుడ్డ కప్పి, ఒకే భాగాన్ని ఒకదాని తర్వాత ఒకటి పెట్టి "ఏది?" అని అడిగేవాడు. చిన్నప్పుడు నేను ఎప్పుడూ జనం ఎక్కువున్న దాన్ని, గదంతా దద్దరిల్లిపోయే దాన్ని ఎంచుకునేదాన్ని. "అది పాలిష్ పట్టిన పప్పు పాపా. మెరస్తాది, రుచి ఉండదు. ఇది చూడు, తక్కువ మంది. ఊపిరి తీసుకునేది గూడా వినపడతా ఉండాది" అని రెండోది మళ్ళీ పెట్టేవాడు.

అట్టల వెనక సన్నక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు చదివి ఆయనకు చెప్పడం నా పని. ఆ పని నాకెంత గర్వమో చెప్పలేను. మాటలు ఎప్పుడూ అవే, వాటికి కట్టిన సంగీతమే మారుతుందని అట్లాగే తెలుసుకున్నాం. నేను నమ్ముతున్నాను అంటూ సాగే పొడుగాటి ప్రార్థన ఒకటి ఉంటుంది. పూజ త్వరగా ముగియాలని ఒక మహానుభావుడు నాలుగు రకాల గొంతులచేత నాలుగు వాక్యాలు ఒకేసారి పాడించేశాడు. అది వచ్చినప్పుడల్లా మామ పొట్ట కదిలేటట్టు నవ్వేవాడు. "కొత్వాల్ చావడి మార్కెట్లో కూరగాయల వేలం మాదిరి ఉండాదే! పాపం సామికి ఎవురి మాట వినపడిందో" అనేవాడు. చిట్టచివర శాంతి ఇమ్మని అడిగే ప్రార్థన వస్తుంది. చాలా వాటిలో అది హుషారుగా, పెళ్ళి ఊరేగింపుకు పనికొచ్చేటట్టు ఉంటుంది. శాంతిని అట్లా అడుగుతారా అన్నాను ఒకసారి. "ఇస్తాడో ఇయ్యడో అని అనుమానం ఉన్నోడు ఏడస్తా అడగతాడు. ఇస్తాడని తెలిసినోడు నవ్వతానే అడగతాడు" అన్నాడు మామ.

ఆయన కొడుకులకు ఇది పట్టదు. "అప్పా పాట్టు ఆరంబిచ్చిట్టారు", నాన్న పాట మొదలెట్టేశాడు, అని తమిళంలో గొణుక్కుంటూ బయటికి పోయేవాళ్ళు. అత్త వంటింట్లోంచి "నన్ను కట్టుకునిందా, ఆ పెట్టెను కట్టుకునిందా?" అని దెప్పేది. కాబట్టి ఆదివారం పొద్దున, హార్బరు లారీలు తగ్గిన ఆ రెండు మూడు గంటలు, మామ పూర్తిగా నా సొత్తు. ఏళ్ళకేళ్ళు ఆ ధీమాతోనే బతికాను.

నాకు అందనిది ఒకటే ఉండేది. పాడేవాళ్ళలో ఆడవాళ్ళవి రెండు వరుసలు, మగవాళ్ళవి రెండు. ఆడవాళ్ళలో కింది వరుసను మామ నడిమి గొంతు అనేవాడు. "పైగొంతు అందరికీ వినపడతాది. కిందిగొంతు ఒంటికి తెలస్తాది. ఈ నడిమి గొంతును మనమే ఎతుక్కోవాల" అనేవాడు. ఆయనకు బాగా ఇష్టమైన రికార్డు ఒకటుంది. దాని మొదటి ప్రార్థనలో అందరూ కనికరించు, కనికరించు అని మెట్లు ఎక్కినట్టు పైకి పోతుంటారు. అక్కడ నడిమి గొంతు ఏదో చేస్తుందట. ఏం చేస్తుందో ఆయన చెప్పడు. చెప్తే అది నేను విన్నట్టు కాదట. నేను చెవులు రిక్కించి, కళ్ళు మూసుకుని, గోడకు ఆనుకుని, అన్ని రకాలా ప్రయత్నించాను. పైగొంతు తప్ప ఏమీ దొరికేది కాదు. మామ నా ముఖం చూసి, "సరి పో, వచ్చేవారం విందాం" అని కాఫీ తెప్పించేవాడు.

అట్లా నలభై ఏళ్ళు గడిచాక మేడమీదికి ఈ అమ్మాయి వచ్చింది. కోనసీమ పిల్ల, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఆదివారం కూడా ఆఫీసు కాల్ ఏదో ఉందని, సౌండు తగ్గించమని అడగడానికి దిగివచ్చి గుమ్మంలో నిలబడింది. సరిగ్గా ఆ మొదటి ప్రార్థనే నడుస్తోంది. అడగవలసింది మరిచిపోయి, కాసేపు విని, "అదేంటండీ, అందరూ పైకెళ్తుంటే మధ్యలో వాళ్ళు మాత్రం కిందకి దిగిపోతున్నారు?" అంది.

మామ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. ఆయన ముఖం అట్లా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. "రామ్మా, ఇట్ల వచ్చి కూచో" అన్నాడు. నా కడుపులో ఎవరో ఎండుమిరపకాయలు వేయించినట్టయింది.

ఆ తర్వాత ఆదివారాలు ముగ్గురి పాలైపోయాయి. నేను అట్ట తిప్పి కళ్ళద్దాలు సర్దుకునేలోపు ఆమె ఫోన్‌లో చూసి వివరమంతా చెప్పేసేది. చక్కెర జబ్బని నేను చేసుకెళ్ళిన బెల్లం అధిరసం ముట్టని మామ, ఆమె ఊరినుంచి తెచ్చిన పూతరేకులు ముసిముసిగా నవ్వుతూ తిన్నాడు. వారం మధ్యలో ఫోన్ చేసి, "పాపా, ఆ అమ్మాయి నిన్న ఏమనిందో తెలుసునా?" అనేవాడు. నిన్న మంగళవారం. అంటే మంగళవారాలు కూడా వింటున్నారన్నమాట! నేను ఆదివారం ఇంకా ముందే బయలుదేరి, ఆయన పక్కనున్న చోటు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల పాపం ఏమీ అనుకోకుండా గడప దగ్గర కూర్చునేది. అనుకుని ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ఒక రోజు ఆమె పైకి పోయాక ఉండబట్టలేక అడిగేశాను. "మామా, నిజం చెప్పు. ఎవురికి బాగా వినపడతాది, నాకా, ఆ పిల్లకా?"

మామ నావైపు వింతగా చూశాడు. "మీరిద్దురూ ఏమన్నా శాంపిల్ పొట్లాలా?" అన్నాడు. "వినేదాంట్లో పోటీ యాడిది పాపా. ఆ యమ్మి విన్నింది ఆ యమ్మికి, నువ్వు వినేది నీకు."

జవాబు చాలా బాగుంది. నాకు కావలసింది మాత్రం అది కాదు. నీకే, అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? ఆ మాట కోసమే తర్వాత ఎన్నో ఆదివారాలు ఎదురుచూశాను. అది అనకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

కర్మలన్నీ అయ్యాక అత్త రికార్డుల పెట్టె, ప్లేయరు, స్పీకర్లు బయట పెట్టించి, "నువ్వు తీసకపోమ్మా. నీ అంత కాలం ఆయన పక్కన కూచున్నోళ్ళు ఎవురుండారు?" అంది. మేడమెట్ల మీద ఆ అమ్మాయి నిలబడి చూస్తోంది. నేను గెలిచాననుకున్నాను. మామ పోయిన ఇంట్లో నిలబడి అట్లా అనుకున్నాను.

చింతాద్రిపేటలో మా ఇంటికి తెచ్చుకుని, స్పీకర్ల వైర్లు నేనే తగిలించి, ఆయనకిష్టమైన రికార్డే పెట్టాను. సూది ఆనగానే తెలిసింది, ఒక స్పీకరు పలకడం లేదు. వైరు సరిగా తగల్లేదు. లేవబోయాను. రికార్డు చేసేటప్పుడు పైగొంతుల వాళ్ళను ఆ పలకని స్పీకరు వైపునే నిలబెట్టి ఉంటారు, వాళ్ళంతా ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టు మందగించారు. వాళ్ళు లేని ఖాళీలో మరో గొంతు వినిపించింది. అందరూ పైకి పోతుంటే అది ఒక్కటే, తొందర లేకుండా, ఎవరినో కిందనుంచి పట్టుకోవడానికి అన్నట్టు, ఒక్కొక్క మెట్టే దిగింది. నేను సగం లేచినదాన్ని అట్లాగే ఉండిపోయాను. తర్వాత వైరు సరిచేసి మళ్ళీ పెట్టాను. రెండు స్పీకర్లూ గట్టిగా పలికాయి. ఆ గొంతు మాత్రం పోలేదు. అన్నాళ్ళూ అక్కడే ఉన్నదే కదా.

విన్నాను మామా, అని పైకే అన్నాను. మావారికి చెబితే మంచిదే అంటారు, పిల్లలకు చెబితే సూపర్ అంటారు. నేను ఏం విన్నానో, అది ఎంత సంగతో తెలిసిన మనిషి ఈ మద్రాసు మొత్తంలో ఇంకొక్కతే ఉంది. ఫోన్ తీసి పెట్టేసి, పెట్టేసి తీసి, చివరికి ఆమెకే చేశాను.

"నడిమి గొంతు దిగేది విన్నా" అన్నాను.

"నిజంగానా ఆంటీ? అయ్యో, తాతగారు ఉంటేనా..." అంది. "ఆదివారం నేను రావొచ్చాండీ?"

"రా. అయితే ఆ చోటు వచ్చినప్పుడు నువ్వు నోరెత్తగూడదు. నేనే చెప్తా" అన్నాను.

వచ్చింది. చెప్పినట్టే నోరు మెదపకుండా నా ఎదురుగా కూర్చుంది. మొదటి ప్రార్థన మొదలైంది. గొంతులు పైకి ఎక్కసాగాయి. ఇదిగో, ఇదిగో అని చెప్పడానికి నేను నోరు తెరవబోతున్నాను. అంతలో, తనకే తెలియకుండా, మోకాలి మీది ఆమె కుడిచెయ్యి కొంచెం పైకి లేచి, పప్పు గుప్పిట్లోంచి మెల్లగా పళ్ళెంలోకి జారవిడిచినట్టు, వేళ్ళు విప్పుకుంటూ కిందికి దిగింది. అచ్చం కొట్లో శాంపిల్ చూసే మా మామ చెయ్యి. అన్నేళ్ళు ఆయన పక్కనే కూర్చుని కళ్ళు మూసుకుని విన్నదాన్ని, ఈ చోట ఆయన చెయ్యి అట్లా దిగేదని చూడనే లేదు. ఆ చెయ్యి నాకు రాలేదు, ఆమెకు వచ్చింది.

లేచి సూదిని మళ్ళీ మొదటికి పెట్టాను, ఆ చెయ్యి ఇంకొకసారి చూడాలని.