అతుకు రికార్డు

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు సానబట్టే ఆయన్ని పాత రికార్డుల సంతలో అందరూ భూతద్దం అనేవారు. సొంత పేరుతో పిలిస్తే పలకడం కూడా మరిచిపోయాడని ఎగతాళి చేసేవారు. ఆదివారం పొద్దున ఆయన సంతలో అడుగుపెట్టాడంటే చాలు, నకిలీ సరుకు అమ్మేవాళ్లు అట్టపెట్టెలు బల్లల కిందకి తోసేవాళ్లు. రికార్డు అంచు మీద గోరు ఆనించి, గాడుల మీద భూతద్దం పెట్టి, వెలుతురుకి అటూ ఇటూ వంచి చూసి, "ఇది దొంగసరుకండీ" అనేవాడు. ఆ మాటకి ఇక తిరుగు ఉండేది కాదు.

అంతటి మనిషి ఇప్పుడు సంత ముఖం చూడటం లేదు. ఎవరైనా ఇంటికి రికార్డు తెచ్చి అసలుదో నకిలీదో చెప్పమంటే, చేతిలోకైనా తీసుకోకుండా "నాకు తెలియదండీ" అంటున్నాడు. పొగరు పెరిగిందని కొందరూ, చూపు తగ్గిందని కొందరూ అనుకుంటున్నారు. లోకులు పలుగాకులు. అసలు సంగతి వేరే ఉంది.

నకిలీ పేరెత్తితే మండిపడే ఈ మనిషి ఇంట్లో బీరువా నిండా ఉన్నవన్నీ నకిలీలే. అదీ ఒకే ఆల్బమ్‌కి. ఒక గొప్ప గాయకుడు పాడి, కంపెనీతో తగవుపడటం వల్ల బయటికి రాకుండానే ఆగిపోయిన ఆల్బమ్ అది. కంపెనీ వాళ్లు టేపులను గోడౌన్‌లో పెట్టి తాళం వేశారు. కొన్నాళ్లకి ఆ గోడౌన్ కాలిపోయింది. ఈలోగా లోపలి మనిషి ఎవరో పాటల్ని ఒక క్యాసెట్‌లోకి ఎక్కించి బయటికి తెచ్చాడు. దాన్నుంచి దొంగచాటుగా రికార్డులు తయారయ్యాయి. వాటిని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. ఎర్రరంగుది ఒకటి, వేగం తేడా వచ్చి గాయకుడు ముక్కు మూసుకుని పాడినట్టు వినిపించేది ఒకటి, అట్ట మీద ఎవరిదో పెళ్లిఫోటో వేసింది ఒకటి. అసలు పుట్టని బిడ్డకి ఇంతమంది కవలలు. అందరిదీ ఒకటే లోపం. చివరి పాట సగంలో ఠక్కున ఆగిపోతుంది. క్యాసెట్ ఆ వైపు అక్కడితో అయిపోయింది మరి.

ఆగిపోయిన ఆ చోటు తర్వాత ఉండేది ఆయన అక్క గొంతు.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది అక్కే. పగలు ఆసుపత్రిలో టెలిఫోన్ దగ్గర కూర్చునేది. సాయంత్రాలు స్టూడియోల్లో కోరస్ పాడేది, గుంపులో గోవింద అన్నట్టు. ఆ ఆల్బమ్ చివరి పాటలో ఒక చరణం పాడాల్సిన ఆవిడ ఆ రోజు రాలేదు. సంగీతం చేసే ఆయన విసుక్కుంటూ వరసలో నిలబడ్డ వాళ్లను చూసి, ఈమె వైపు వేలు చూపించాడు. జీవితంలో ఒక్కతే మైకు ముందు నిలబడింది ఆ ఒక్కసారి.

ఆ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ నిలబడే చెప్పేది.

"పాడటం అయిపోగానే హమ్మయ్య అని చెయ్యి దించానురా. గాజు వెళ్లి మైకు స్టాండుకి తగిలి టింగుమంది. చచ్చాన్రా దేవుడా అనుకున్నా. ఇంకోసారి పాడించి, నన్ను బయటికి గెంటేస్తారు అనుకున్నా. ఆయనేమో, ఉండనీ, బాగుంది, అనేశాడు. నా గొంతు నేను పోల్చుకోలేకపోవచ్చు గానీ, ఆ మోత మాత్రం నిద్దట్లో విన్నా పోల్చుకుంటాను."

తర్వాత ఆమె గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మాట్లాడాలంటే మెడకి ఆనించుకునే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని ఆనించి పెదవులు కదిపితే మాట వచ్చేది. మాటంటే మాట కాదు, డబ్బాలో పడ్డ కందిరీగ రొద. టెలిఫోన్ ఉద్యోగం పోయింది. ఆ యంత్రమంటే ఆమెకి అసహ్యం. తమ్ముణ్ణి పిలవాలంటే మంచం ఇనపకమ్మీ మీద చెంచాతో కొట్టేది.

అప్పుడు తట్టింది ఆయనకి, అక్క గొంతు ఇంట్లో ఎక్కడా లేదని. ఇంట్లో ఎప్పుడూ వినిపించే గొంతును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? ఆసుపత్రికి ఫోన్ చేసిన ఊరంతా ఆమె గొంతు విన్నది, ఒక్కళ్ల దగ్గరా మిగల్లేదు. మిగిలి ఉంటే ఆ ఒక్క చరణంలోనే మిగిలి ఉండాలి. అందుకే "ఇందులో పూర్తిగా ఉందండీ" అని ఎవరన్నా పరిగెత్తేవాడు. తెచ్చేవాడు, కడిగేవాడు, పెట్టి వినేవాడు. పాట అక్కడే ఆగేది. అలా బీరువా నిండింది.

ఒక్కటి మాత్రం ఆగలేదు. ఎవడో తెలివైనవాడు ఎవరో అమ్మాయిని పిలిపించి, తనకి తోచిన మాటలతో ఆ చరణం పాడించి, అతుకు వేసి అచ్చు కొట్టించాడు. దాన్ని మొదటిసారి విన్నప్పుడు భూతద్దానికి ఒళ్లు తెలియనంత కోపం వచ్చింది. అక్క నోట్లోంచి మాట లాక్కుని ఇంకెవరికో ఇచ్చేసినట్టనిపించింది. ఆ రికార్డుని మోకాలి మీద పెట్టి విరిచేయబోయి, విరచలేక, బీరువాలో అన్నిటికన్నా వెనక దోపేశాడు. రికార్డులు పోగేసేవాడు దేన్నీ పారెయ్యలేడు, అదొక రోగం. అక్కకి దాని సంగతి చెప్పనే లేదు.

పుండు మళ్లీ వచ్చింది. ఈసారి ఊపిరితిత్తుల్లోకి పాకింది. డాక్టరు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లి, "ఇంటికి తీసుకెళ్లండి. ఆమెకి ఏమిష్టమో అది చెయ్యండి" అన్నాడు. ఏమిష్టమో ఆయనకి తెలుసు. చెయ్యడమే ఆయన చేతిలో లేదు.

ఆమె చేతులు పుల్లల్లా అయిపోయాయి. గాజు మోచేతి దాకా జారి, కిందపడి, మంచం కిందకి దొర్లిపోతుంటే తీసి వంటింట్లో చెంచాల గ్లాసులో పడేశాడు. అది స్టూడియోలో ఆ రోజు మోగిన గాజే.

పాతసామాన్ల వ్యాపారి ఇంటికొచ్చింది ఆ రోజుల్లోనే. ఇతగాడి నోట్లో నిజం అనే మాట అరిగిపోయిన నాణెం. అంతకుముందే ఒకసారి, మందంగా ఉన్న మామూలు రికార్డుకి, స్టూడియో పళ్లేలకి ఉన్నట్టే నడిమి కన్నం పక్కన ఇంకో కన్నం పొడిచి, పాడిన రోజున స్టూడియోలోనే నేరుగా గాడులు కోసిన అసలు పళ్లెం అని అంటగట్టబోయాడు. భూతద్దం దాన్ని సంత నడిబొడ్డున పైకెత్తి అందరికీ చూపించి పరువు తీశాడు. స్టూడియో పళ్లెం అంటే ఎలా ఉంటుందో కూడా ఆ రోజే ఉపన్యాసం ఇచ్చాడు. అల్యూమినియం రేకు మీద నల్లటి లక్కపూత ఉంటుందనీ, స్పిరిట్ చుక్క తగిలినా ఆ పూత కరిగిపోతుందనీ చెప్పాడు. కంటితో చూసింది లేదు, వినికిడే.

ఈసారి వ్యాపారి గుమ్మంలోనే గొంతెత్తాడు. "అక్కా, ఈసారి ఒట్టు. ఆ స్టూడియోలో సౌండు చూసిన పెద్దాయన పోయాడు. వాళ్లావిడ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికింది. ఇది మీ చివరి పాటే. పూర్తిగా ఉంది."

"నీ ఒట్లు నాకు తెలియవా? పిల్లి శాపాలకు ఉట్లు తెగవు గానీ, అక్కడ పెట్టి వెళ్లవయ్యా" అన్నాడు భూతద్దం.

వ్యాపారి వెళ్లాక చూస్తే అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది. యంత్రం మెడకి ఆనించుకుంది. "తొందరగా కడుగు" అంది. ఎన్నాళ్లకో ఆమె తనంతట తను ఆ యంత్రం అందుకుంది.

"వాడి మాటలు నమ్మకక్కా. మళ్లీ దొంగసరుకే అయ్యుంటుంది."

"కడిగి పెట్టు. వింటే తెలుస్తుందిగా." దువ్వెన అందిమ్మని సైగ చేసింది.

ఆయన రికార్డు తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు. అట్ట లేదు, పేరు కాగితం లేదు, ఒక వైపే గాడులున్నాయి. బరువుంది. నడిమి కన్నం పక్కన ఇంకో చిన్న కన్నం ఉంది. ఆ కన్నం చూడగానే ఆయనకి నవ్వొచ్చింది, వీడు మళ్లీ అదే మోసానికి దిగాడని. పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు. ఈయనకి ఉలికిపాటు కూడా రాలేదు, వెటకారమే వచ్చింది. భూతద్దం జేబులోనే ఉంది. తియ్యలేదు.

దుకాణంలో పొద్దస్తమానం అద్దాలు తుడిచే చెయ్యి అది. స్పిరిట్ సీసా మూత తీసింది, మెత్తటి గుడ్డ తడిపింది, లోపలి గాడుల నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తుడిచింది. గుడ్డ నల్లబడింది. అటక మీద ఎన్నాళ్ల మురికో అనుకున్నాడు. ఇంకాస్త స్పిరిట్ పోశాడు. గుడ్డ మరింత నల్లబడుతుంటే, మురికి బాగా వదులుతోందని తృప్తిగా కూడా అనిపించింది.

ముందు వాసన తేడాగా తగిలింది, గోళ్లరంగు సీసా ఒలికినట్టు. తర్వాత గుడ్డ జారడం మానేసి అంటుకోసాగింది. చెయ్యెత్తి చూశాడు. కాచిన పాల మీద మీగడలా నల్లటి పొర ముడతలు పడి ఒక పక్కకి జరిగింది. దాని కింద తెల్లగా అల్యూమినియం రేకు మెరిసింది.

అప్పుడు తీశాడు భూతద్దం. అంచు దగ్గర, తడి తగలని చోట, సూదితో గీకి రాసిన అక్షరాలు కనిపించాయి. చివరి పాట పేరు, దాని కింద అక్క ఇంటిపేరు.

వంటింట్లో కడిగినవి సరిచూసుకునే పాత ప్లేయరు ఒకటుంది. ఆగలేక దాని మీద పెట్టి, మోత బాగా తగ్గించి, ముల్లు ఆనించాడు. బయటి అంచులో పాట మొదలు కాస్త బతికుంది. తీగలు నాలుగుసార్లు మోగాయి. అంత స్పష్టంగా ఏ నకిలీలోనూ ఆయన వినలేదు. గదిలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు కూడా ఉంది. తర్వాత ముల్లు జారి, ఆ నల్లటి ముద్దలో కూరుకుపోయి ఆగింది.

చేతులారా చేశాడు. గోడౌన్‌ని తగలబెట్టిన మంట వదిలేసినదాన్ని కూడా ఈయన కడిగి కడిగి చంపాడు. లోకంలోని నకిలీలన్నిటినీ పట్టుకున్నవాడు, అసలు నట్టింట్లోకి నడిచొస్తే పోల్చుకోలేకపోయాడు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఏడుపు బయటికి రాకుండా గుడ్డ నోట్లో కుక్కుకోబోయి, అది నల్లగా ఉండటం చూసి వెనక్కి తీశాడు.

పక్క గదిలో చెంచా కమ్మీ మీద మోగింది. ఒకసారి. కాసేపాగి మళ్లీ.

"వస్తున్నా అక్కా. ఆరుతోంది" అన్నాడు.

బీరువా వంటింటి పక్క నడవాలోనే ఉంది. ఆయన వెనక వరసలోకి చెయ్యిపోనిచ్చి అతుకు రికార్డు తీశాడు. చెంచాల గ్లాసులోంచి గాజు తీసి అరచేతిలో దాచుకున్నాడు. ఏం చేస్తున్నాడో ఆయనకి బాగానే తెలుసు. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనే ఒక దొంగసరుకు తయారుచేస్తున్నాడు.

అక్క కిటికీ పక్క కుర్చీలోకి ఎలా చేరిందో, చేరి కూర్చుంది. తల దువ్వుకుంది. ఆయన కళ్లలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకుని, రికార్డు పెద్ద ప్లేయరు మీద పెట్టి, బల్ల వెనక నిలబడ్డాడు. గాయకుడి గొంతు, ఆ గీతలు, ఆ గరగర, అన్నీ ఎప్పటివే. ఎప్పుడూ ఆగిపోయే చోటు వచ్చింది. ఆగలేదు. ఆ అమ్మాయి గొంతు ఎత్తుకుంది. చిన్నపిల్ల గొంతు, కాస్త బెరుగ్గా ఉంది. అక్క కళ్లు మూసుకుంది.

చరణం అయిపోవస్తుండగా ఆయన గాజుని బల్ల ఇనపకాలికి తగిలించాడు. టింగుమంది.

ముల్లు చివరి గాడిలో టక్ టక్ మని తిరుగుతూ ఉంది. అక్క ఎంతసేపటికీ కళ్లు తెరవలేదు. తర్వాత ఒళ్లో తడుముకుని యంత్రం తీసి మెడకి ఆనించింది.

"ఆ పిల్లెవర్రా? బాగా పాడింది."

ఆయన గాజు పట్టుకున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆపరేషనయ్యాక వాసనలు అంతగా తెలియవు, అయినా ఇందాకే ఘాటుగా తగిలింది. స్పిరిట్‌తో పాటు ఇంకేదో. మా స్టూడియోలో పళ్లెం కోసేటప్పుడు వచ్చేది, అచ్చం ఆ వాసనే." ఆగి ఊపిరి పీల్చుకుంది. "అప్పుడే అనుకున్నా."

"అక్కా, నేను చూసుకోలేదక్కా. చేతిలోనే ఉంది, చూసుకోలేదు. నీ గొంతు నేనే..." ఆయన బల్ల పక్కనే కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఆమె వద్దనలేదు, ఓదార్చలేదు. కూర్చుని చూసింది. ఆమె కళ్లలోంచి కూడా కారుతోంది. పోయింది ఆమెది, మరి.

కాసేపటికి చెయ్యి చాపింది. "గాజు ఇటివ్వు."

ఇచ్చాడు.

"నువ్వు తొందరపడ్డావు. చివరి మాట పూర్తిగా అయ్యాకే నేను చెయ్యి దించాను. మళ్లీ వెయ్యి. ఈసారి నేను కొడతాను."

ఒకసారి తిరిగిన రికార్డుని వెంటనే మళ్లీ వెయ్యకూడదని, గాడులు చల్లారాలని ఆయనకో నియమం. లేచి ముల్లు వెనక్కి తెచ్చి చివరి పాట మొదట్లో ఆనించాడు. ఆమె యంత్రం పక్కన పెట్టేసింది. నిలబడతానని సైగ చేస్తే వెనక నుంచి పట్టుకున్నాడు. ఒళ్లు గాలిలా ఉంది. గాయకుడు పాడినంతసేపూ ఆమె గాజున్న చెయ్యి పైకెత్తి పట్టుకునే ఉంది. ఎవరో పిల్ల పాడుతుంటే ఆమె పెదవులు వేరే మాటలు పాడాయి. అవేమిటో ఆయనకి తెలియదు. అసలు మాటలు ఆమెకొక్కదానికే తెలుసు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు, ఆయన ఎప్పుడూ అడగలేదు.

పెదవులు ఆగాక చెయ్యి దించింది. గాజు కుర్చీ కమ్మీకి తగిలి మోగింది.

"ఇదీ" అని తమ్ముడి వైపు తిరిగి అంది. యంత్రం లేదు గనక ఏమీ వినిపించలేదు.