మూడు వేళ్ళ ఇటుక

మా అమ్మాయి ఫోన్‌లో అడవి మధ్య పాత గుళ్ళు చూపించింది. ఎక్కడో మెక్సికో వైపు, మాయా వాళ్ళ ఊళ్ళట. మెట్ల మీద చెట్లు మొలిచాయి. ఎప్పటికైనా చూడాలి అంది. పాస్‌పోర్టుకే దిక్కు లేదు గానీ మెక్సికో కావాలి దీనికి. ఇటుకల మీద చెట్లు చూడ్డానికి అంత దూరం ఎందుకు, మన బర్మాలోనే ఉన్నాయి, ప్రోము బస్సెక్కితే సరి, అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయితే ఎప్పుడు వెళ్దాం అని పట్టుకుంది.

నా చూపు దేవుడి మూలకి పోయింది. అక్కడ మా అమ్మ ఇటుక ఉంది. అమ్మ పోయి ఏడాది దాటింది. ఆ ఇటుకను ఎక్కడిదక్కడ పెట్టేస్తానని ఆవిడకి మాటిచ్చింది నేనే.

నాకు పదేళ్ళప్పుడు మా నాన్న రంగూన్‌లో చిమిండైంగ్ బజారులోని పప్పుల కొట్టు మూడు రోజులు మూసి మమ్మల్ని ప్రోము తీసుకెళ్ళాడు. అన్ని రోజులు కొట్టు మూయడం మా ఇంట్లో అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. ఆ ఊరి బయట పాత బౌద్ధ రాజధాని శిథిలాలున్నాయి, పేరు శ్రీక్షేత్రం. ఆ పేరు చాలు మా అమ్మకి. తెల్లారే తలస్నానం చేసి, పసుపూ కుంకుమా పొట్లాలు కట్టుకుని ఎద్దుబండి ఎక్కింది.

చుట్టూ ముళ్ళపొదలు, వెదుళ్ళు, వాటి మధ్య కూలిన గోడలు. పాములుంటాయని నాన్న కర్రతో నేల తడుతూ ముందు నడిచాడు. చీకటి గుడి ఒకటి చూడబోతే లోపల్నుంచి గబ్బిలాల కంపు. ఆ కంపు నాకిప్పటికీ ఇష్టం, ఎవరితోనూ చెప్పలేదంతే. గోడ నీడన కూర్చుని పులిహోర తిన్నాం. చెయ్యి కడుక్కోడానికి లేచిన అమ్మకి, పడి ఉన్న ఇటుక ముక్క కనబడింది. దాని మీద అడ్డంగా మూడు గీతలు. అచ్చం విభూతి రేఖలు. ఆవిడ ఇంక ఎవరినీ అడగలేదు. ఖాళీ పులిహోర గిన్నె నా చేతికిచ్చి, ఇటుకని బుట్టలో పెట్టి తువ్వాలు కప్పింది. సగం ముక్కే అయినా పసిపిల్లంత బరువు. రంగూన్ దాకా ఒళ్ళోనే మోసింది.

అప్పట్నుంచి దానికి రోజూ పసుపు, బొట్టు, దీపం. నేను కాలేజీలో చరిత్ర చదువుతున్నప్పుడు ఒక రోజు పాఠంలో ఆ గీతల సంగతి వచ్చింది. ఇటుకలు చేసేవాళ్ళు పచ్చిమట్టి మీద వేళ్ళతో గీసే గుర్తులట అవి. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అమ్మకి చెప్పాను. ఆవిడ వత్తి వెలిగిస్తూ తలైనా తిప్పలేదు.

"అయితే ఏటి? దేవుడు సెప్పకుండానే గీసినాడేటి ఆడు?"

పక్కింటి బర్మా ఆవిడ గోల ఇంకొకటి. పగోడా దగ్గర్నుంచి మట్టి కూడా ఇంటికి తేకూడదని, వచ్చేటప్పుడు అక్కడి గేటు దగ్గరే చెప్పులు దులుపుకుని వస్తుందావిడ. మా ఇంట్లో జ్వరమొచ్చినా, బియ్యంలో పురుగు పడినా ఆ ఇటుకే కారణం అనేది. జ్వరానికి కారణం కాదు గానీ, తేవడం దొంగతనమే అనేదాన్ని నేను. ఇలా ముగ్గురాడవాళ్ళం ఒక్క ఇటుక ముక్క మీద ముప్పై ఏళ్ళు పోట్లాడాం, ఒకరి వైపు ఇంకొకరు లేకుండా. చివరి రోజుల్లో అమ్మే తెగ్గొట్టింది.

"నాను ఉన్నన్నాళ్ళూ ఒగ్గీయే గుంటా. పోయినాక నీ సదువు సెప్పినట్టే ఒట్టుకెల్లి ఎట్టీ."

సరేనన్నాను, గెలిచినంత సంబరంగా. తీరా ఆవిడ పోయాక వానలన్నాను, దారి బాగోలేదన్నాను, పిల్ల పరీక్షలన్నాను. పొద్దున్నే ఇటుకకి పసుపు రాస్తూ, అలవాటు కొద్దీ రాస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

మొత్తానికి కిందటి చలికాలం బయల్దేరాం. దారిలో సంచులు తనిఖీ చేసిన కుర్ర సిపాయి అమ్మ చీర ముక్కలో చుట్టిన ఇటుకని చూసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా పొమ్మన్నాడు. శ్రీక్షేత్రంలో పొదలు కొట్టేసి దారులు వేశారు. ఏ గోడ నీడన పులిహోర తిన్నామో పోల్చుకోలేకపోయాను. అన్నీ అదే గోడలా ఉన్నాయి. ఒక గోడ మొదట్లో కూర్చుని ఇటుక బయటికి తీశానో లేదో, వెనక నుంచి కాపలా ఆయన కేకేశాడు. తీసింది అక్కడ పెట్టమన్నాడు.

బాబాయ్ వరస కలిపి, ఊలే, నేను తీయడం లేదు, పెడుతున్నాను, అన్నాను. పట్టుబడ్డవాళ్ళంతా అదే అంటారన్నాడు. చీర ముక్క పూర్తిగా విప్పి చూపించాను. ఆయన వంగి చూశాడు. నలభై ఏళ్ళ పసుపూ నూనే పట్టి అది నిమ్మపండు రంగుకి తిరిగింది. వాసన చూసి నవ్వాడు. ఇలాంటిది మా దగ్గర లేదు, ఇది మీ ఇంటిదే, తీసుకుపొండి, అని రెండు చేతులతో నాకే తిరిగి ఇచ్చాడు.

మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. దానికి తెలుగు అర్థమైనంత బాగా మాట్లాడ్డం రాదు, అయినా కాపలా ఆయనకి తెలియకుండా తెలుగులోనే అంది.

"అమ్మా, ఆయనే ఒద్దంటన్నాడు గదా. ఇంటికే పోదాం. అమ్మమ్మ ఏటీ అనదు."

నోరు మూసుకుంటే అది నాదైపోయేది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా నోరు మూసుకున్నానా? ఆయన్ని గోడ దగ్గరికి లాక్కెళ్ళినంత పని చేశాను. గోడలో గీతలున్న ఇటుక పక్కన మాది ఆనించి, వెడల్పు చూడు, లోతు చూడు, మూడు వేళ్ళూ చూడు, అని వాదించాను. కాలేజీ నుంచి వచ్చిన సాయంత్రం అమ్మకి చెప్పిందంతా ఆయనకి మళ్ళీ బర్మాలో చెప్పాను. ఆయన తన వేళ్ళు గోడ గీతల్లో పెట్టాడు, తర్వాత మా గీతల్లో పెట్టాడు. ఇది మా దగ్గరిదే, అని ఒప్పుకుని ఇటుక అందుకున్నాడు.

అమ్మ తూర్పుకే పెట్టేది, గీతలు తూర్పుకే ఉండాలన్నాను. అలాగే పెట్టాడు. కడగొద్దన్నాను. కడిగేదేముంది, వానలొస్తాయిగా, అన్నాడు.

గేటు దగ్గర మా అమ్మాయి చెప్పులు విప్పి, పక్కింటావిడ నేర్పినట్టు మట్టి దులిపింది. ఇన్నేళ్ళూ నవ్విన నేనూ దులిపాను. బస్సులో అది చేతులు తుడుచుకోమని తడి కాగితం ఇచ్చింది. ఇటుక పట్టుకున్న నా మూడు వేళ్ళకీ ఇంకా పసుపుంది. వద్దని చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.