గడప ముందు నీళ్లు

కాక పోయిన సంగతి నాకు దోహా పక్కన అల్ వక్రాలో, మా కొడుకు ఫ్లాటులో, మంగళవారం పొద్దున తెలిసింది. ఆయన కోడలు ఫోన్ చేసింది. "మా మామ పొద్దుగాల లేవలే" అంది. కొంచెం ఆగి, టీ పెట్టి పిలిస్తే పలకలేదని, డాక్టరును పిలిచే పని కూడా పడలేదని చెప్పింది. నేను సరే అన్నాను. అలాంటప్పుడు ఏమనాలో నాకు ఈ వయసులో కూడా తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. మాది జగిత్యాల వైపు, ఆయనది మా ఊరికి రెండు ఊళ్ల అవతల. దోహాలో ఒకే ఇంట్లో పనిచేశాం. ఆయన వంట, నేను పైపని. డ్రైవింగ్ తర్వాత నేర్చుకున్నాను. నాకన్నా పన్నెండేళ్లు పెద్దవాడు కాబట్టి మొదటి రోజే కాకా అన్నాను. అదే ఉండిపోయింది.

చమురు ధర పెరిగి దోహా అంతా సిమెంటు దుమ్ములో మునిగి ఉన్న రోజులవి. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, పైపుల వ్యాపారం చేసేవాడు. అల్ హిలాల్‌లో కొత్తగా విల్లా కట్టించాడు. గేటు బయట అడుగు పెడితే ఇసుకే. కాక పొద్దున లేచి మొహం కడుక్కుని, స్టీలు గిన్నెలో నీళ్లు తెచ్చి, గేటు ముందు చేత్తో సాన్పి చల్లేవాడు. మా వైపు పేడ కలిపి చల్లుతారు. అక్కడ పేడ ఎక్కడిది, వట్టి నీళ్లే. వాకిలి తడిసిన తర్వాతే పొయ్యి ముట్టించేవాడు.

పక్కింటి పాకిస్తానీ డ్రైవరు చూసి నవ్వేవాడు. మీ ఊళ్లో ఇది ఆడవాళ్ల పని కదా అని ఒకసారి అడిగాడు. "ఇంట్ల ఆమె ఉంటే ఆమె చల్లేది. ఇక్కడ ఆడ నేనే, మొగ నేనే" అన్నాడు కాక. నేను దాన్ని హిందీలోకి మార్చి చెబితే ఆ డ్రైవరు చాలాసేపు నవ్వాడు. మర్నాటి నుంచి కాకను సలాం చేసి పలకరించేవాడు.

ఆ నీళ్లు పట్టుమని పది నిమిషాలు కూడా ఉండేవి కావు. ఎండ తాగేసేది. ఎవరి కోసం చల్లుతున్నావని నేను అడిగాను. "వాసన కోసం" అన్నాడు. ఆయనకు అన్నీ వాసనే. బియ్యం, చేప, మనిషి కూడా. బియ్యం ఏరేటప్పుడు ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. మాట్లాడితే రాళ్లు తప్పించుకుంటాయి అనేవాడు. వండిన తర్వాత ముందు నా పళ్లెంలో పెట్టి, నేను రెండు ముద్దలు తిన్నాక తను కూర్చునేవాడు.

నేను వచ్చిన ఎనిమిది నెలలకు కఫీల్ చలికాలం కోసం స్విట్జర్లాండ్‌లో ఒక చెక్క ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. ఆయన తల్లికి ఆయాసం. కొండగాలి మంచిదని డాక్టరు చెప్పాడట. కొడుకులకు మంచు మీద జారాలని ఉబలాటం. ముసలామె కాక చేతి మచ్బూస్, వాళ్ల మాంసం అన్నం, తప్ప తినదు. అందుకని కాకను, మంచు ఎత్తడానికి, కట్టెలు మోయడానికి నన్ను తీసుకుపోయారు. మాతో వచ్చిన మేనేజరు మా పాస్‌పోర్టులు తన దగ్గరే పెట్టుకుని ఒకటే మాట చెప్పాడు. అక్కడి వాళ్లతో ఏ గొడవ వచ్చినా ఇద్దరూ నేరుగా మీ ఊరికే. నా వీసాకు మా నాన్న రెండేళ్లు తిరిగాడు.

మంచు మొదటిసారి చూసినప్పుడు కాక వంగి కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసన లేదు" అని కింద వేశాడు.

ఆ ఊరికి ఒకటే వీధి, ఒక చర్చి, చుట్టూ కొండలు. పొద్దున్నే జనం పొడుగాటి పలకలు భుజాన వేసుకుని, మన దగ్గర నాగలితో పొలానికి పోయినట్టు, వరసగా కొండకు పోయేవాళ్లు. తీగల మీద వేలాడే కుర్చీలు వాళ్లను పైకి తీసుకుపోయేవి. జారి కిందికి వచ్చేవాళ్లు. మళ్లీ పైకి. కాక వంటింటి కిటికీలోంచి చూసి, ఇంత కష్టం జీతం లేకుండా ఎవడన్నా చేస్తాడా అనేవాడు. సాయంత్రం కఫీల్ కొడుకుల తడి బూట్లన్నీ పొయ్యి చుట్టూ ఆరబెట్టడం నా పని.

అక్కడ సాన్పి చల్లడానికి వాకిలే లేదు. గడప ఎక్కడుందో మంచులో కనబడేది కాదు. కాక పొద్దున లేచి గిన్నె పట్టుకుని తలుపు దాకా వచ్చి, బయటికి చూసి వెనక్కి పోయేవాడు. మూడు వారాలు అలా చూశాను. ఆ మూడు వారాలు ఆయన వంటలో ఉప్పు కుదరలేదు.

మాకు పాలు తెచ్చేది ఒక ముసలాయన. కింద పశువుల కొట్టం ఆయనది. తెల్లవారుతుండగా క్యాను వీపున కట్టుకుని ఎక్కి వచ్చేవాడు. కాక ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టి ఏలకులు వేసిన టీ ఇచ్చేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ పావుగంట మాట్లాడుకునేవాళ్లు. ముసలాయన తలకు రెండు వేళ్లు కొమ్ముల్లా పెట్టి, తర్వాత పొట్ట చూపించి, ఒక ఆవు చూలుతో ఉందని చెప్పేవాడు. కాక తెలుగులోనే దానికి దాణా ఏం పెట్టాలో చెప్పేవాడు. "ఈ ఊర్ల వాసన ఉన్నోడు ఈ ఒక్కడే" అన్నాడు నాతో. ఆ మనిషి కోటు నిండా గడ్డి, పేడ, పాల వాసన. ఆదివారం ఆయన కూతురు తోడు వచ్చేది. హోటల్లో పనిచేయడం వల్ల ఆమెకు ఇంగ్లీషు వచ్చు. నాకు పదో తరగతి ఇంగ్లీషు. నడిచేది.

తర్వాత వేడిగాలి ఒకటి రెండు రోజులు వీచింది. పైకప్పుల నుంచి మంచు జారి పడింది. మా గుమ్మం ముందు రాతి పలకలు బయటపడ్డాయి. కాక ఆ సాయంత్రం వాటి మీద కాసేపు ఊరికే నిలబడ్డాడు. నేల కనబడ్డది అన్నాడు. ఆ రాత్రి గాలి ఆగిపోయి చలి దిగిన సంగతి మాకు లోపల తెలియలేదు.

పొద్దున ఆయన నీళ్లు కాచాడు. చల్లనీళ్లయితే గడ్డకడతాయని ఆయనకు తెలుసు. వేడినీళ్లు కట్టవనుకున్నాడు. గిన్నెలో తెచ్చి, చీకటి విడవక ముందే, గడప ముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా చల్లాడు. తలుపు వేసి టీ పెట్టాడు. నేను కట్టెలు చీలుస్తున్నాను. ఆయన ఆ రోజు కూనిరాగం తీశాడు.

బయట క్యాను పడిన చప్పుడు వచ్చింది. తలుపు తీస్తే ముసలాయన పక్కకు పడి ఉన్నాడు. పాలు రాళ్ల మీద పారుతున్నాయి. ఆయన అరవలేదు. మమ్మల్ని చూసి ఏదో సర్దుకున్నట్టు టోపీ తీసి పెట్టుకున్నాడు. లేవలేకపోయాడు. పలకల మీద గాజు పరిచినట్టుంది. కాక ఆయన తల దగ్గర కూర్చుని చేయి పట్టుకుని నన్ను చూశాడు. ఏమైందో ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

ఇరుగుపొరుగు వచ్చి బల్ల మీద మోసుకుపోయారు. తుంటి ఎముక విరిగింది. వాళ్లు పోగానే నేను పార తెచ్చి ఆ గాజంతా పగలగొట్టి, పొయ్యిలోని బూడిద చల్లాను. పాలు కూడా గడ్డకట్టి ఉన్నాయి. తెల్లగా పెచ్చులు లేచాయి. మేనేజరు దిగివచ్చి ఎలా పడ్డాడని అడిగాడు. మంచు సార్, జారాడు అన్నాను. అబద్ధం కాదు.

పది రోజులు కాక నన్ను పొద్దునా సాయంత్రం అదే అడిగాడు. పోదాం, చెబుదాం. చివరికి సెలవు దొరికిన రోజున బస్సులో కింది పట్నం ఆసుపత్రికి పోయాం. కాక ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చాడు. ముసలాయన నిద్రలో ఉన్నాడు. దుప్పటి కింద చాలా చిన్నగా కనబడ్డాడు. కూతురు పక్కన కుర్చీలో ఉంది.

కాక చేతులు కట్టుకుని నిలబడి నాతో అన్నాడు. "చెప్పు. నీళ్లు నేనే చల్లిన్నని చెప్పు. మా దిక్కు పొద్దుగాల అట్ల చల్లుతం, గడ్డ కడ్తదని తెల్వక చల్లిన్నని చెప్పు. మొత్తం చెప్పు."

ఆమె నా వైపు చూస్తోంది. నాకు పాస్‌పోర్టులు గుర్తొచ్చాయి. మా నాన్న గుర్తొచ్చాడు. ఈయన చాలా బాధపడుతున్నాడు, మీ నాన్న కోసం దేవుణ్ణి మొక్కుతున్నాడు అని చెప్పాను.

ఆమె లేచి వచ్చి కాక రెండు చేతులూ పట్టుకుంది. నవ్వింది. మా నాన్న మీ టీ గురించి చెబుతుంటాడు అంది. కాగితంలో చుట్టిన జున్నుముక్క చేతిలో పెట్టింది. కాక ఆమె మొహం చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. తిరుగు బస్సులో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మిగిలిన చలికాలం పాలు ముసలాయన అల్లుడు తెచ్చాడు. ముసలాయన ఎలా ఉన్నాడంటే అరచేయి అటూ ఇటూ ఊపేవాడు. మేం బయలుదేరే నాటికి ఆయన ఇల్లు చేరలేదు. తర్వాత చేరాడో లేదో మాకు తెలియదు.

దోహా వచ్చిన మొదటి పొద్దున నేను నీళ్ల చప్పుడు కోసం పడక మీద విన్నాను. రాలేదు. చీపురు చప్పుడు వచ్చింది. పొడి ఇసుక ఊడ్చి, లోపలికి వచ్చి పొయ్యి ముట్టించాడు. ముసలామె నీళ్లు ఎందుకు చల్లడం లేదని అడిగిందట. మోయ మాఫీ, నీళ్లు లేవు అన్నాడట. ఇంటి మీద ట్యాంకు నిండుగా ఉంది.

నెల దాటాక ఒక రోజు బియ్యం ఏరుతూ, ఎప్పుడూ మాట్లాడని ఆ పనిలో, మాట్లాడాడు.

"ఆ దినం నువ్వు చెప్పలే."

నేను ఎసటి గిన్నె మీద మూత సర్దాను.

"ఆమె మొఖం మారలే. చెప్తే మారేది."

చెబితే ఇద్దరినీ ఇంటికి పంపేవాళ్లు కాకా అన్నాను.

"అవు" అన్నాడు. ఏరడం ముగించి, కడిగి, ఎసట్లో పోశాడు. ఉడికాక ఎప్పటిలాగే ముందు నా పళ్లెంలో పెట్టాడు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఆయన చేతి అన్నం తిన్నాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ నేను కారు కడిగితే ఆయన వంట వదిలి బయటికి వచ్చేవాడు. నేల మీద నిలిచిన నీళ్ల పక్కన, అవి ఎండేదాకా నిలబడేవాడు. మొదట్లో పోవయ్యా అనేవాణ్ణి. తర్వాత బయట కడగడం మానేసి, కారును రోడ్డు అవతలికి తీసుకుపోయేవాణ్ణి.

ఆయన ఊరికి పోయాక వాకిట్లో సాన్పి భార్య చల్లేది, ఆమె పోయాక కోడలు. వద్దని ఆయన అనలేదు. అనడానికి కారణం చెప్పాలి కదా. పీట వేసుకుని వాకిలి పక్కన కూర్చునేవాడు. వచ్చేవాళ్లను ఇటు కాదు, అటు నుంచి పోండ్రి అనేవాడు. మా వైపు గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి, దుబాయ్ ఎండ తలకెక్కిందని ఊళ్లో చెప్పుకున్నారు. ఒకసారి మంచు సంగతి ఎత్తితే, దుబాయ్‌ల మంచేందే అని నవ్వారట. మళ్లీ ఎత్తలేదు.

రెండేళ్ల కింద నేను ఊరికి పోయినప్పుడు చూడ్డానికి వెళ్లాను. బాగా చిక్కాడు. చాయ్ తాగి లేస్తుంటే చేయి పట్టుకుని అడిగాడు. "ఇప్పుడు ఫోన్లల్ల అందరు దొరుకుతరట. ఆ పిల్ల దొరుకుతదా? నీకు ఇంగిలీషొస్తది." వెతుకుతానన్నాను. ఆమె పేరు మేం అడగలేదు, ముసలాయన పేరూ అడగలేదు. కానీ ఊరి పేరు నాకు తెలుసు. అల్ వక్రా వచ్చాక మనవరాలి చేత ఫోనులో ఆ ఊరు తీయించాను. వీధి, చర్చి, తీగల మీద కుర్చీలు. చర్చికి ఒక ఉత్తరం రాస్తే ఎవరో ఒకరు చెప్పేవారు. ఇన్నేళ్ల తర్వాత నన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు. అయినా రాయలేదు. కాక ఫోనులో ఒక్కసారే అడిగాడు, దొరికిందా అని. ఇంకా లేదు కాకా అన్నాను. ఆయన నమ్మాడో లేదో. నా మొహం ఆయనకు కనబడలేదు.

కాబట్టి ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆ పొద్దున నీళ్లు చల్లింది మా కాక. తెలియక చల్లాడు. మొత్తం చెప్పమన్నాడు. చెప్పనిది నేను. ఉత్తరం కూడా ఈ వారంలో రాస్తాను. చదివేవాళ్లు ఉన్నా లేకపోయినా.

మంగళవారం మధ్యాహ్నం ఆయన కొడుకు వీడియో కాల్ చేసి ఫోను గోడ మీద పెట్టాడు. పాడె లేచింది. జనం పోయారు. ఆచారం ప్రకారం కోడలు ఇల్లు కడిగి, వాకిలంతా బిందెలతో నీళ్లు కొట్టింది. వాకిలి పక్కన పీట అలాగే ఉంది. ఎవరో ఇద్దరు ముసలివాళ్లు కర్ర ఊతతో తడిలోంచి నడిచి వస్తున్నారు. అటు నుంచి రండి అన్నాను. ఫోను దగ్గర ఎవరూ లేరు.

ఫోను పెట్టేసి కిందికి దిగాను. మా బిల్డింగు గుమ్మం ముందు పై అంతస్తు ఏసీ నీళ్లు చుక్కలు చుక్కలుగా పడి పలకల మీద చాప వెడల్పున తడి ఉంటుంది. రోజూ దాటిపోయేదే. దాని పక్కన నిలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి, టాక్సీ కోసమా చాచా అని అడిగాడు. కాదన్నాను. కుర్చీ తెచ్చి వేశాడు. ఎండ వచ్చి ఒక అంచు నుంచి తడి తగ్గుతోంది. పైనుంచి ఇంకో చుక్క పడింది.