స్టూల్ ఉందామ్మా?

సింగపూర్‌లో మా తెలుగువాళ్ల గృహప్రవేశాలన్నిటికీ ఒక అంకుల్ వచ్చేవారు. హోమం అయి, పాలు పొంగి, భోజనాలు ముగిసి అందరూ వెళ్ళిపోతున్నా ఆయన మాత్రం కదిలేవారు కాదు. సీలింగ్ కేసి చూస్తూ, "స్టూల్ ఉందామ్మా?" అని అడిగేవారు.

ఇక్కడ కొత్త ఫ్లాట్లలో పొగ అలారం తప్పనిసరి. హోమం పొగకు అది మోగి గోల చేస్తుందని మనవాళ్లు ముందే దానికి ప్లాస్టిక్ కవరు కట్టేస్తారు. ఆ కవరు విప్పడానికే ఆయనకు స్టూలు. పిల్లలు "సీలింగ్ అంకుల్!" అని నవ్వేవారు. నాకూ చాదస్తమే అనిపించేది.

బుకిట్ పంజాంగ్‌లో మా గృహప్రవేశం నాడు, "తర్వాత మేం తీసేస్తాంలెండి అంకుల్" అన్నాను.

"మీ ఆంటీతో నేనూ అదే అన్నానమ్మా."

సీలింగ్ కేసే చూస్తూ చెప్పారు.

"తువాస్ పారిశ్రామికవాడ గోడౌన్లలో స్ప్రింక్లర్లు పెట్టించడమే నా ఉద్యోగం. మంట లేస్తే పైనుంచి నీళ్లు కురుస్తాయి. అట్టపెట్టెల కోసం అంత రూలుంది. ఇంట్లో మనుషులకి ఈ అలారం ఒక్కటే. మా ఇంట్లో దాని నోరు నేనే కట్టేసి, మర్చిపోయి, మర్నాడు ఆఫీసుకెళ్లాను. దీపం కర్టెన్‌కి అంటుకునేసరికి ఆవిడ మధ్యాహ్నం మంచి నిద్రలో ఉందమ్మా."

స్టూలు తెచ్చి వేశాను. ఆయన ఎక్కి కవరు విప్పి, మోగుతుందో లేదోనని అలారం మీది బటన్ నొక్కారు. ఇల్లంతా అదిరిపోయేలా అది అరిచింది. మేమంతా చెవులు మూసుకున్నాం.

ఆయన మాత్రం దానికి చెవి దగ్గరగా పెట్టి, అది ఆగిపోయేదాకా వింటూ నిలబడ్డారు.