పచ్చికాయలత్త పొద

"ముళ్ళకంపను ఎవరైనా ముద్దు చేసి పెంచుకుంటారా వదినా? అది చెట్టా, కాపలా కుక్కా?"

"కుక్కయితే తిండి పెట్టాలి. దీనికా బాధ లేదు."

"నిన్న చిన్నదాని గౌను చింపింది. మొన్న నా చొక్కా పట్టుకుంది. మనిషిని దగ్గరికి రానివ్వని చెట్టు పెరట్లో ఎందుకు చెప్పు?"

"నువ్వు దాని దగ్గరికెళ్ళకు. అది లేచి నీ దగ్గరికి రాదుగా."

వెల్డరు పెరటి తలుపు దగ్గరే ఆగిపోయాడు. జేబులో టేపు, భుజాన గునపం. పందిరికి కొలతలు తీసుకోవాలి రమ్మని కండక్టరు కబురు పెడితే వచ్చాడు. ఇంటివాళ్ళ గొడవలో దూరితే ఇద్దరి చేతా తిట్లు తినాల్సొస్తుందని అనుభవం మీద తెలిసినవాడు. అందుకని గోడకు ఆనుకుని నిలబడి, వింటున్నట్టు కనబడకుండా అంతా విన్నాడు.

కండక్టరు ఈమధ్యే ఉద్యోగం నుంచి దిగాడు. ముందు వాటా అతనిది. వెనక వాటా వదినది, అంటే చనిపోయిన అన్న భార్యది. పెరడు ఇద్దరిదీ. ఆ పెరట్లో గోడవార, మనిషెత్తున గుబురుగా ఎదిగిన వాక్కాయ పొద ఒక్కటే పచ్చగా ఉంది. దాన్ని కొట్టేసి, అక్కడ ఇనుప పందిరి వేసి, రాధామనోహరం తీగ ఎక్కించాలని అతని కోరిక.

"తీగ అయితే ఏడాది తిరిగేసరికి పందిరంతా అల్లుకుంటుంది. తెల్లగా పూసి, తెల్లారేసరికి గులాబీ రంగు తిరిగి, తర్వాత ఎర్రబడుతుంది. సాయంత్రం వాసన వీధి చివరిదాకా పోతుంది. కింద నాలుగు కుర్చీలు వేసుకోవచ్చు. నీ వాక్కాయ ఏమిస్తుంది? ముల్లు, జిగురు, మరక."

"తీగకు గొంగళిపురుగులు పడతాయి. బరువెక్కితే గాలివానకు పందిరితో సహా కూలుతుంది. పొద ఎవరినీ పట్టుకుని వేలాడదు. తన కాళ్ళ మీద తను నిలబడుతుంది."

"ఉద్యోగమంతా నేనూ నా కాళ్ళ మీదే నిలబడ్డాను, బస్సులో. ఇప్పుడు కూర్చుంటానంటున్నా."

"ముందు వసారాలో కూర్చో."

"అక్కడ ఎండ. అయినా నీ చెట్టు కాయలైనా ఇచ్చిందా? ఒక్కటంటే ఒక్కటి పండనిచ్చావా నువ్వు?"

ఆమె వెనక్కి తిరిగి, లోపల కుట్టుమిషను ముందు కూర్చుంది. కండక్టరు గెలిచానన్నట్టు తలాడించి, వెల్డరును చూశాడు. "వచ్చావా? కొలుచుకో. మా వదిన ఏమన్నా అంటే చెవుల్లో దూది పెట్టుకో. ఆదివారం గొడ్డలి నేనే పడతా." నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

వీధిలో ఆమెను అందరూ పచ్చికాయలత్త అంటారు. వాక్కాయ కాపు పట్టిన దగ్గర్నుంచి రోజూ తెల్లవారుజామునే కత్తెర పట్టుకుని పొద చుట్టూ తిరుగుతుంది. పచ్చికాయలన్నీ, ఇంకా గింజ కూడా ముదరనివి, కత్తిరించి చెత్తబుట్టలో పోస్తుంది. తను తినదు, ఒకరికి పెట్టదు. పిల్లలు గోడమీంచి తలలు పెట్టి అడిగితే చీపురు చూపిస్తుంది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషని ఆడవాళ్ళు నవ్వుకుంటారు. వెల్డరూ ఆ పేరుకు నవ్వినవాడే.

పని మాత్రం ఆమె చేతిలో ఆగదు. ఆస్పత్రి లాండ్రీ నుంచి చిరిగిన దుప్పట్లు మూటలుగా వస్తాయి. అంచులు కుట్టి, చిరుగులకు అతుకులు వేసి పంపుతుంది. కుట్టుమిషను ఎవరైనా వెలుతురొచ్చే కిటికీ దగ్గర వేసుకుంటారు. ఈమె పెరటివైపు కిటికీకి ఎదురుగా వేసుకుంది. పొద అడ్డుపడి అక్కడ పట్టపగలే లైటు వెయ్యాలి. ఒక్కో కుట్టు పూర్తి కాగానే తలెత్తి పొదను చూస్తుంది. మళ్ళీ తల దించుతుంది. వెల్డరు కొలతలు తీస్తున్నంతసేపూ మిషను చప్పుడు అలాగే ఆగుతూ, సాగుతూ వినబడింది. ఆగినప్పుడల్లా వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టుంది అతనికి.

గోడ పక్కన రెండు స్తంభాలకు గుర్తులు పెట్టాడు. గునపంతో పొడిచి చూశాడు. నేల గట్టిగానే ఉంది. మూడోది పొద అంచున పడింది. గునపం ఎత్తి ఒక పోటు వేశాడు.

మట్టిని కొట్టిన చప్పుడు కాదది. తలుపు తట్టిన చప్పుడు.

ఇంకో పోటు వేశాడు. గునపం అతని చేతిలోంచి జారి, దానంతటదే సగానికి దిగింది. లోపల ఎక్కడో పెచ్చులు రాలాయి. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, చాలా కింద, నీళ్ళలో పడ్డ చప్పుడు. కన్నంలోంచి వెచ్చటి గాలి, దానితోపాటు కుళ్ళు కంపు పైకి వచ్చింది.

మిషను ఆగింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు.

"వెనక్కి జరుగు బాబూ," అంది ఆమె గుమ్మంలోంచి. "మెల్లగా. బరువంతా ఒక్క కాలి మీద వెయ్యకు."

అతను గునపం కూడా తీసుకోకుండా వెనక్కి వచ్చాడు. "ఏంటి పెద్దమ్మా ఇది?"

"పాత మరుగుదొడ్డి గుంత."

వీధికి మురుగు గొట్టాలు వేసినప్పుడు ఇళ్ళ వెనక గుంతలన్నీ పూడ్చెయ్యాలన్నారు. ఆమె భర్త తాపీమేస్త్రి. వీధిలో ప్రతి గుంతా ఆయనే పూడ్చాడు. రాళ్ళు వేసి, ఇసుక పోసి, నీళ్ళు పట్టి దిమ్మిసకొట్టి మరీ. సొంత ఇంటి పని ఎప్పుడూ చివరికే కదా. ప్రస్తుతానికని పైన పలచగా ఒక సిమెంటు పలక పోసి మట్టి కప్పాడు. వచ్చే ఆదివారం పూడుస్తానన్నాడు. ఎన్ని ఆదివారాలు వచ్చాయో. ఈలోగా తమ్ముడు అడిగితే, అయిపోయిందిరా అన్నాడు. ఒకసారి అన్నాక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు. తర్వాత మనిషే పోయాడు.

"మరి మీరు?" అన్నాడు వెల్డరు, కొంచెం కటువుగానే.

"నేనా? పొద నాటాను." ఆమె గొంతులో ఏడుపు లేదు. "మా ఆయన పనంటే వాళ్ళ తమ్ముడికి గురి. మా అన్న పూడ్చిన నేల మీద ఏనుగులు నడిపించొచ్చు అని బస్సులో పాసింజర్లకు కూడా చెప్పేవాడు. ఆ మనిషికి ఏ నోటితో చెప్పను? ముళ్ళుంటే ఎవరూ తొక్కరు కదా అనుకున్నా. కాయలు కాస్తుందని తెలుసు, కాయలు పిల్లల్ని పిలుస్తాయని మాత్రం తట్టలేదు. మొదటి కాపుకే మా మరిది మనవరాలు పొద కిందికి దూరింది. కాళ్ళు రెండే బయట కనబడ్డాయి. అప్పట్నుంచీ పండనివ్వడం లేదు."

"నరికెయ్యొచ్చుగా?"

"నరికితే కుర్చీ వేస్తాడు."

వెల్డరుకు కళ్ళకు కట్టింది. గడ్డం ఊపుతూ నవ్వే లావుపాటి కండక్టరు, ఆ పలక మీద కుర్చీ, ఒళ్ళో పిల్ల.

సరిగ్గా అప్పుడే పొదలోంచి కూనిరాగం వినబడింది.

ఇద్దరూ కదల్లేదు. గోడవైపు సందులోంచి ఎప్పుడు దూరిందో, ఆ మనవరాలే కొమ్మల కింద బోర్లా పడుకుని ఉంది. మూతి నల్లగా ఉంది.

వెల్డరు అరవబోయాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది.

"బంగారూ," అంది ఆమె, అన్నానికి పిలిచినంత మామూలుగా. "నోట్లో ఏంటమ్మా?"

"పండు, పెద్ద నానమ్మా! నువ్వు చూళ్ళేదు. ఆకుల వెనక దాక్కుంది."

"నా కళ్ళు మసకలే తల్లీ. నాకూ ఒకటి తెస్తావా? లేవకు, ముళ్ళుంటాయి. బల్లిలాగా పాక్కుంటూ రా చూద్దాం."

పిల్లకు ఆట నచ్చింది. నవ్వుతూ పాకింది. దాని మోకాళ్ళ వెనక నేల, మనిషి లేచిన పరుపులా కాక, మనిషి కూర్చుంటున్న పరుపులా కిందికి దిగుతోంది. వెల్డరు నేలమీద పొట్ట ఆనించి పడుకున్నాడు. ముళ్ళు చెంపను గీరాయి. చెయ్యి చాచాడు. జిగురు జిగురుగా చిన్న చెయ్యి ఒకటి అందింది. లాగాడు. పిల్ల గౌను మళ్ళీ చిరిగింది.

అతను దాన్ని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చేసరికి వెనక సన్నగా, గుడ్డ చించుతున్నట్టు ఒక చప్పుడైంది. ఎవరూ ముట్టుకోకుండానే పొద జానెడు ఒరిగింది. వేళ్ళ దగ్గర మట్టి లోపలికి జారుతూనే ఉంది.

"వదినా! ఏంటా చప్పుడు?" ముందు వాటాలోంచి కండక్టరు కేక. "అప్పుడే నరకడం మొదలెట్టాడా?"

పిల్ల అరచేతిలో నలిగిన పండును ఆమెకు అందించింది. ఆమె తీసుకుంది, కానీ చూడలేదు. చెప్పుల చప్పుడు దగ్గరికొస్తోంది.

"పెద్దమ్మా," అన్నాడు వెల్డరు గబగబా, "వర్షాలకు నేల కుంగిందని నేను చెప్తాలే. మేస్త్రి గారి పేరెందుకు మధ్యలో?"

"కుంగిందంటే రెండు తట్టల మట్టి పోసి, మళ్ళీ కుర్చీ వేస్తాడు. వాళ్ళన్న పూడ్చాడనేగా వాడి ధైర్యం." ఆమె తల అడ్డంగా ఊపింది. పిల్లను తన వెనక్కి నెట్టి, తలుపు చట్రం పట్టుకుని నిలబడింది. వెల్డరు చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వెళ్ళకు బాబూ. మొదలు నేనే పెడతాను. మా అన్న అలా చెయ్యడు అంటాడు వాడు, అనగానే నా గొంతు పట్టేస్తుంది. నేను ఎక్కడ ఆగిపోతే అక్కణ్ణించి నువ్వు చెప్పు."